భౌతికంగా మాత్రమే వచ్చిన సరుకు

ఏ దేశపు రేవులోనైనా ముందు ఓడ వస్తుంది. తరవాత సరుకు దిగుతుంది. దిగిన సరుకుకు సుంకం కడతారు. కట్టినవాళ్లు సరుకు పట్టుకుని ఇంటికి పోతారు. నాగులరేవు కస్టమ్స్ ఆఫీసులో కూడా చాలాకాలం ఈ వరసే నడిచింది. కాకపోతే ఒక పనికీ ఇంకో పనికీ నడుమ సరుకు కాస్త నడుం వాల్చేది. ఒకసారి కందులు తెప్పించుకున్న షావుకారుకు విడుదల కాగితం అందేసరికి బస్తాల్లోంచి మొలకలు బయటికి తొంగిచూస్తున్నాయి. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. సముద్రానికి లేని తొందర మనకెందుకన్నట్టుండేది ఆ ఆఫీసు.

ఆ ఆఫీసులో సూపరింటెండెంటు పొట్నూరు కూర్మారావు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు, "ఈ శాఖలోనే ఎందుకు చేరాలనుకుంటున్నావు?" అని అడిగితే, "అంతర్జాతీయ వాణిజ్యం ద్వారా దేశాభివృద్ధికి" అని జవాబు చెప్పాడు. మిగతా అభ్యర్థులు కూడా అదే జవాబు చెప్పారు కానీ, దాన్ని నమ్మింది ఈయనొక్కడే. ఆ నమ్మకంతోనే వయసంతా రేవుల్లో గడిపాడు. బస్తాల్లోకి ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి చూశాడు. పీపాల మూతలు తీసి వాసన పట్టాడు. తెల్ల యూనిఫారం మీద ఒక్క నూనె మరక పడనివ్వలేదు, జేబులో ఒక్క పరాయి పైసా పడనివ్వలేదు. దేశం ఎంతోకొంత అభివృద్ధి చెందింది. కూర్మారావు మాత్రం సూపరింటెండెంటుగానే ఉండిపోయాడు. తనతో చేరినవాళ్లు అసిస్టెంట్ కమిషనర్లై కార్లలో తిరుగుతున్నారు. ఊళ్లో చుట్టాలు "ఇంకా అదే పోస్టా?" అని అడగడం మానేసి, "ఆరోగ్యం బాగుంటోందా?" అని అడగడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో నాగులరేవుకు కొత్త కమిషనరుగా చక్రధర్ గారు వచ్చారు. ఆయన వస్తూ వస్తూ "వేగమే వికాసం" అనే ఉద్యమాన్ని వెంటబెట్టుకొచ్చారు. పెద్ద గేటు మీద ఎర్ర అంకెలు వెలిగే బోర్డొకటి పెట్టించారు. ఓడ రేవుకు చేరిన క్షణం నుంచి సరుకు విడుదలయ్యే క్షణం దాకా ఎన్ని గంటలు పట్టిందో లెక్కగట్టి, నెల మొత్తం మీద సగటు ఎంతో ఆ బోర్డు ఊరందరికీ చూపిస్తుంది. దేశంలోని రేవులన్నిటికీ ఇదే లెక్క, ఇవే ర్యాంకులు. నాగులరేవు ర్యాంకు చూడటానికి పట్టిక చివరిదాకా వెళితే చాలు, వెతుక్కోనక్కరలేదు.

చక్రధర్ గారు సిబ్బందిని సమావేశపరిచారు.

"మిత్రులారా! సరుకు ఆగిన ప్రతి గంటా జాతి ఆగిన గంట. మనం సుంకం వసూలు చేసే గుమాస్తాలం కాము. మనం ప్రపంచ వాణిజ్యానికి రహదారులం. రహదారి ఎప్పుడైనా వాహనాన్ని ఆపుతుందా?"

"టోల్‌గేటు దగ్గర ఆపుతుంది సార్" అన్నాడు వెనక వరసలోంచి ఎవరో. ఆయన్ని మరుసటి వారం గోడౌనుకు మార్చారు.

సమావేశం అయ్యాక కూర్మారావును గదిలోకి పిలిచారు. "మిస్టర్ కూర్మారావ్, మీ పదోన్నతి ఫైలు నా బల్ల మీదే ఉంది. సానుకూల దృక్పథంతో పరిశీలించాలనే ఉంది. అయితే ఫైలు కదలికకూ సగటు కదలికకూ ఒక అవినాభావ సంబంధం ఉండటం సముచితమని నా అభిప్రాయం."

కూర్మారావుకు అర్థమైంది. ఆ వేళ నుంచి పరుగులు పెట్టాడు. సంతకాలు తగ్గించాడు, టీ మానేశాడు. సగటు కదిలింది కానీ, ర్యాంకు కదల్లేదు. మిగతా రేవులు కూడా టీ మానేసినట్టున్నాయి.

దారి చూపించింది పాపినాయుడు, షావుకార్ల తరఫున కాగితాలు నడిపించే క్లియరింగ్ ఏజెంటు. అతను చూపించాలని చూపించలేదు. మేనకోడలి పెళ్లికి పోవాలి. ఓడేమో ఇంకా నడిసముద్రంలో ఉంది. "బావూ, ఈ పామాయిలు కాగితాలు ముందే అట్టుకోండి. డబ్బు కట్టీనాను. నాను పెళ్లి సూసుకొచ్చినాక సరుకు దింపుకుంటాను" అని బతిమాలాడు. నిబంధనల్లో అందుకు వీలుంది. కూర్మారావు కాగితాలు తిరగేశాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. విడుదల నొక్కాడు.

ఓడ వచ్చిన రోజున గేటు మీది బోర్డు ఒకసారి మిటకరించి, సగటును ఒక్కసారిగా సగానికి దించేసింది. కూర్మారావు ఆ బోర్డు కింద చాలాసేపు నిలబడ్డాడు. గడియారం ఓడ వచ్చినప్పుడు మొదలై, విడుదలతో ఆగాలి. ఓడ రాకముందే విడుదలైపోతే? పాపం గడియారం ఏం చేస్తుంది! వెనక్కి తిరుగుతుంది.

అది మొదలు నాగులరేవులో సముద్రంలో ఉన్న సరుకంతా విడుదలైపోయింది. సగటు సున్నాకు చేరి, సున్నా దాటి, మైనస్‌లోకి దిగింది. బోర్డు మీద మైనస్ గీతకు చోటు లేకపోతే చక్రధర్ గారు ప్రత్యేక అనుమతి తెప్పించి ఒక ఎర్ర బల్బు అడ్డంగా పెట్టించారు.

"మైనస్!" అన్నారు ఆయన, గుండె మీద చెయ్యి వేసుకుని. "కూర్మారావ్, కాలాన్ని జయించిన తొలి కస్టమ్స్ హౌస్ మనది."

కానీ మిగతా రేవులు చూస్తూ ఊరుకుంటాయా? అవీ సముద్రం మీద పడ్డాయి. దాంతో నాగులరేవు సముద్రం దాటి అవతలి గట్టెక్కవలసి వచ్చింది. బర్మాలో ఇంకా చెట్లుగానే ఉన్న కలపను కూర్మారావు విడుదల చేశాడు. కెనడాలో మంచు కరిగాక విత్తబోయే బఠాణీలను విడుదల చేశాడు. పరిశీలన నివేదికలో ఏం రాయాలన్న సందేహం కాసేపు పీడించింది. ఆయన అబద్ధం రాసే మనిషి కాదు. ఆలోచించి రాశాడు: "క్షుణ్ణంగా పరిశీలించగా అభ్యంతరకరమైన వస్తువులేవీ కనబడలేదు." అందులో అబద్ధమేముంది? ఏవీ కనబడలేదు.

ఓ రోజు పాపినాయుడు ఊరికే కబుర్లకొచ్చాడు. "మా బామ్మర్దికి గోనెసంచుల మిల్లు ఎట్టాలని ఉందట బావూ."

కూర్మారావు కలం అందుకున్నాడు. "యంత్రాలు ఏ దేశం నుంచి?"

"అయ్యో, ఇంకా ఏటీ అనుకోలేదు బావూ. అసలు ఆడికి తెలీదు. నాకే అలాగనిపించింది."

"మంచిదే. అనుకున్నాక వస్తే అప్పటికే ఆలస్యం" అన్నాడు కూర్మారావు, విడుదల నొక్కుతూ.

"మరి సుంకం?"

"సరుకు లేదు కనక విలువ సున్నా. సున్నాకు సుంకం సున్నా. కట్టేశావు, వెళ్లు."

ఆ నెల పట్టికలో నాగులరేవు అన్నిటికన్నా పైన నిలిచింది. దూరదూరపు రేవుల నుంచి అధికారులు అధ్యయనానికి వచ్చారు. వాళ్లలో ఒకాయన ఖాళీ యార్డు చూసి, "సరుకు ఏదండీ?" అని అడిగాడు. చక్రధర్ గారు జాలిగా నవ్వి, "మీరింకా సరుకు దశలోనే ఉన్నారు" అన్నారు. ఆయన సిగ్గుపడి ఆ మాట డైరీలో రాసుకున్నాడు.

అంతలో రాజధాని నుంచి కబురు. శాఖకంతటికీ పెద్దయిన చైర్మన్ గారు వచ్చే నెల ఒకటో తారీఖున స్వయంగా వచ్చి నాగులరేవుకు జాతీయ పురస్కారం అందజేస్తారు. షరతు ఒక్కటే: రేవులో ఏ ఒక్క సరుకూ ప్లస్ గంటల్లో ఉండకూడదు. కూర్మారావు పదోన్నతి ఆ సభలోనే ప్రకటిస్తామని చక్రధర్ గారు చెప్పేశారు. ఇంట్లో ఆయన భార్య శశిరేఖ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. వాళ్లు మళ్లీ పోస్టు గురించి అడగడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడు నరసమ్మ పిక్కలు వచ్చాయి.

నరసమ్మది పలాస దారిలో చిన్న జీడి బట్టీ. ఆఫ్రికా నుంచి ముడి జీడిపిక్కలు తెప్పించి, కాల్చి, కొట్టి, పప్పు తీసి అమ్ముతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లు పాతికమంది ఆవిడ మీద ఆధారపడి ఉన్నారు. ఆవిడ వ్యాపారంలో ఒక ఆచారం ఉంది. దారిలో ఉన్న సరుకు పేరెత్తకూడదు. అత్తగారు తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు పోయే రోజుల నుంచి వస్తున్న పద్ధతి. "ఏటి తెత్తన్నావు?" అని ఎవరైనా అడిగితే "ఊరికే" అనాలి. పాపినాయుడు ఎంత మొత్తుకున్నా ఆవిడ ముందస్తు కాగితాల మీద వేలు పెట్టలేదు. "ఇల్లు సేరకముందే సరుకు పేరెత్తితే సముద్రం ఇంటాది నాయుడూ. ఇన్నాదంటే ఊరుకుంటాదేటి?" అంది.

కాబట్టి నరసమ్మ సరుకు పాతకాలపు పద్ధతిలో వచ్చింది. ముందు ఓడ వచ్చింది. తరవాత నీలం రంగు కంటైనరు దిగింది. ఆ తరవాత నరసమ్మ, సుంకం డబ్బు చెంగున కట్టుకుని, కూర్మారావు బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"దండాలు బావూ. నా పిక్కలొచ్చినాయి. కట్టించుకుంటే అట్టుకుపోతాను."

కూర్మారావు వేళ్ల మీద లెక్కవేశాడు. ఈ ఒక్క పెట్టె విడుదల చేస్తే ప్లస్. ప్లస్ వస్తే పురస్కారం లేదు. పురస్కారం లేకపోతే ఫైలు కదలదు. కంప్యూటరులో సరుకు చేరినట్టు నమోదు కూడా చెయ్యకుండా అలాగే వదిలేశాడు.

"మీ సరుకు రాలేదమ్మా."

నరసమ్మ కిటికీలోంచి చెయ్యి చాపింది. "అదేటి బావూ, నీలం పెట్టి. కనబడతన్నాది గాదా?"

"కనబడటం వేరు, రావడం వేరు."

"ఒలమ్మా! రాకుండా ఎలాగ కనబడతాది?"

"రేపు రండి" అన్నాడు కూర్మారావు. ప్రభుత్వం కనిపెట్టిన జవాబులన్నిటిలోకీ పాతదీ, గట్టిదీ అదే.

ఆవిడ రేపు వచ్చింది. ఎల్లుండి కూడా వచ్చింది. వానలు మొదలయ్యాయి. కంటైనరు తలుపు ఒక మూల వంగి ఉండటంతో ఆ సందులోంచి రోజూ గుప్పెడు పిక్కలు నేల మీద రాలేవి. నరసమ్మ ఒకటి ఏరుకొచ్చి, బొడ్లోంచి అడకత్తెర తీసి, కూర్మారావు ఫైళ్ల మీదే పెట్టి నొక్కింది. పిక్క రెండు చెక్కలైంది. లోపల పప్పు తెల్లగా ఉన్నా అంచున పసుపు గీత ఉంది.

"ఉక్కపట్టింది బావూ. ఈ గీత రేపు నలుపవుతాది. నలుపైతే పప్పు సేదు. మా ఆడోళ్లు రెండు వారాల్నించి ఖాళీగున్నారు. నాను సుంకం కట్టనంతన్నానేటి? కట్టీసుకోండి."

కూర్మారావు ఉద్యోగమంతా సుంకం ఎగ్గొట్టేవాళ్ల వెంట పరుగెత్తాడు. బూటు మడమల్లో బంగారం దాచినవాళ్లను చూశాడు, పిండిమరలో గడియారాలు దాచినవాళ్లను చూశాడు. సుంకం కట్టించుకోమని వెంటపడే మనిషిని చూడటం ఇదే మొదటిసారి. అలాంటివాళ్ల దగ్గర ఎలా తప్పించుకోవాలో శిక్షణలో చెప్పలేదు.

"అమ్మా, అది ముట్టుకోకండి. ఆ పిక్కలు కూడా ఇంకా రాలేదు" అన్నాడు నీరసంగా.

పాపినాయుడు ఒక ఉపాయం చెప్పాడు. పెట్టెను మళ్లీ ఓడెక్కించి సముద్రంలో కాస్త దూరం తిప్పి, ఈలోగా కాగితాలు విడుదల చేసి, తిరిగి దింపితే మైనస్సే కదా! కూర్మారావు ముఖం వెలిగింది. ఆ వెలుగుతోనే ఎగుమతి విభాగానికి వెళ్లాడు. అక్కడి ఇన్‌స్పెక్టరు కంప్యూటరు చూసి పెదవి విరిచాడు. "మన రికార్డు ప్రకారం ఈ పెట్టె రేవులో లేదు సార్. లేని పెట్టెను ఎలా పంపను? ముందు వచ్చినట్టు రాయండి, పంపేస్తాను."

చివరికి వ్యవహారం చక్రధర్ గారి దాకా వెళ్లింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కిటికీలోంచి నీలం పెట్టెను చూశారు. కూర్చుని ఫైలు మీద స్వహస్తాలతో ఇలా రాశారు: "సదరు సరుకు భౌతికంగా మాత్రమే వచ్చినట్లు గమనించడమైనది. పాలనాపరంగా రాలేదు. భౌతిక ఆగమనాన్ని పాలనాపరమైన ఆగమనంగా పరిగణించుటకు నిబంధనలు అనుమతించవు. సిబ్బంది ఆ దిక్కుకు అనవసరంగా చూడరాదు."

ఆ రోజు నుంచి సిబ్బంది టీకి వెళ్లినా తల పక్కకు తిప్పి నడిచేవారు. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు చూడకుండా నడవబోయి, పోయి ఆ పెట్టెకే గుద్దుకున్నాడు. నుదురు బొప్పి కట్టింది. ఆస్పత్రి సెలవు అడిగితే, "దేనికి గుద్దుకున్నట్టు?" అని అడిగి సెలవివ్వలేదు.

నరసమ్మ ఊరుకోలేదు. పిక్కలు కొట్టే ఆడవాళ్లలో కొందరిని వెంటబెట్టుకొచ్చి, పెట్టె పక్కన గొడుగులేసుకుని కూర్చుంది. వాళ్ల మాటలు కిటికీలోంచి కూర్మారావుకు వినబడేవి.

"ఒలే అమ్మాజీ, మనం కూకున్నాం గాదా? మరి మనం ఒచ్చినట్టా రానట్టా?"

"నీకు ఆకలేత్తందేటి?"

"ఏత్తంది."

"అయితే ఒచ్చినట్టే."

నవ్వులు. కూర్మారావు కిటికీ మూయబోయి, మూయలేక, అలాగే వదిలేశాడు. బల్ల మీద ఆ వేళ నరసమ్మ కోసి పెట్టిన పిక్క ఉంది. పసుపు గీత గోధుమ రంగుకు తిరిగింది.

ఒకటో తారీఖు వచ్చింది. యార్డు కడిగారు, ముగ్గులు పెట్టారు, షామియానా వేశారు. నీలం పెట్టె కనబడకుండా దాని ముందు పూలకుండీలు పేర్చి, పెట్టెకు అడ్డంగా పెద్ద బ్యానరు కట్టారు. "ఇక్కడ ఏ సరుకూ ఆగదు" అని బంగారు అక్షరాలు. కట్టడానికి పెట్టె కన్నా అనువైన చోటు యార్డులో ఇంకోటి లేదు మరి.

చైర్మన్ గారు వచ్చారు. ముసలాయన, మంచివాడు, అన్నిటికీ తలాడిస్తారు. చక్రధర్ గారు మైనస్ గంటల మహిమ వివరించారు. చైర్మన్ గారు విని, "చాలా బాగుంది. ఒక సరుకు విడుదల చేసి చూపించండి. జెండా ఊపుతాను. పత్రికల్లో ఫోటో రావాలి" అన్నారు.

చక్రధర్ గారు యార్డు నలుమూలలా చూశారు. రేవులో సరుకంటూ ఏదీ లేదు. రాబోయే పంటల సరుకు కూడా విడుదలైపోయింది. ఆయన కూర్మారావును కుండీల వెనక్కి లాక్కెళ్లారు.

"ఆ పెట్టె! ఫోటో వరకూ వచ్చినట్టు భావిద్దాం. కంప్యూటరులో అభ్యాసం అని ఒక బటన్ ఉంటుంది చూడండి, సిబ్బంది శిక్షణకు పెట్టింది. అది నొక్కండి. రికార్డుకు ఎక్కదు. లారీ గేటు దాటి, మలుపు తిరిగి, వెనక గేటు నుంచి మళ్లీ లోపలికి వచ్చేస్తుంది. ఆవిడను లబ్ధిదారుగా వేదిక మీదకు తీసుకురండి. అర్థమైందా, అసిస్టెంట్ కమిషనర్ గారూ?"

ఆ చివరి మాట కూర్మారావు చెవిలో తేనెలా పడింది.

బ్యానరు విప్పారు. పెట్టెను లారీ ఎక్కించారు. నరసమ్మకు శాలువా కప్పి వేదిక ఎక్కించారు. బల్ల మీద కంప్యూటరు, దాని ముందు కూర్మారావు. తెర మీద రెండు బొమ్మలు: ఒకటి అభ్యాసం, ఇంకోటి అసలు. కెమెరాలు సిద్ధమయ్యాయి.

నరసమ్మ చెంగు ముడి విప్పి సుంకం బల్ల మీద పెట్టింది. కూర్మారావు వైపు వంగి, మెల్లిగా అడిగింది.

"నిజంగానేనా బావూ, ఆటకా?"

"ఆటకే" అంటే సరిపోయేది. అది చిన్న మాట. కూర్మారావు నోరు తెరిచాడు కూడా. బస్తాల్లో ఇనుప గొట్టం గుచ్చి నిజం బయటికి లాగిన మనిషి, ఈ ఒక్క ముక్క అనలేక నోరు మూశాడు. ఆవిడ ఇంకా వంగే ఉంది. శాలువా జారిపోతున్నా సర్దుకోవడం లేదు.

"నిజమేనమ్మా" అన్నాడు. ఓడ వచ్చిన తారీఖు వేసి, సరుకు చేరినట్టు నమోదు చేసి, అసలు బటన్ నొక్కాడు. పాపినాయుణ్ని దగ్గరికి పిలిచి, "లారీవాడితో చెప్పు, మలుపు తిరగొద్దని. తిన్నగా పొమ్మను" అన్నాడు.

చైర్మన్ గారు జెండా ఊపారు. లారీ కదిలింది. ఆడవాళ్లు లారీ వెనక పరుగెత్తారు. చప్పట్ల మధ్య గేటు మీది బోర్డు ఒకసారి మిటకరించింది. కొత్త నెలలో అదే మొదటి విడుదల కావటంతో పాత సగటు చెరిగిపోయింది. అడ్డంగా వెలిగే ఎర్ర బల్బు ఆరిపోయింది. బోర్డు మీద అచ్చమైన ప్లస్ అంకె, మూడంకెలది, నిలిచి వెలిగింది.

చక్రధర్ గారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. కూర్మారావు కళ్లు మూసుకున్నాడు.

చైర్మన్ గారు కళ్లజోడు సవరించుకుని బోర్డును చూశారు. మైకు అందుకున్నారు.

"ఏమిటిది! నేను వచ్చినప్పుడు మైనస్‌లో ఉన్నారు. ఇప్పుడు ప్లస్‌లో ఉన్నారు! నా కళ్లముందే! అభివృద్ధి అంటే ఇదీ! దేశంలోని రేవులన్నీ నెలల తరబడి మైనస్‌లో మగ్గుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఎవరు చేశారిది?"

చక్రధర్ గారు లేచి, "మా సమష్టి దార్శనికత సార్" అన్నారు. చైర్మన్ గారు కూర్మారావు భుజం తట్టి, పదోన్నతి అక్కడికక్కడే ప్రకటించారు. ఏడాది ప్రొబేషను, ఆ తరవాత ఖాయం.

పదిహేను రోజుల్లో అన్ని రేవులకూ సర్క్యులరు వచ్చింది. మైనస్‌లో ఉన్న రేవులు తక్షణం ప్లస్‌లోకి రావాలి. ప్లస్‌లో ఉన్నవి మరింత వృద్ధి సాధించాలి. చక్రధర్ గారు "వేగమే వికాసం" బ్యానరు దింపి "నిలకడే నిండుదనం" అనే బ్యానరు ఎత్తారు. సరుకు ఆపడానికి కొత్త విభాగం వెలిసింది. వచ్చిన సరుకును వచ్చినట్టు అదే రోజు నమోదు చేసి, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకున్నారు. యార్డు నిండిపోయింది. బస్తాలు మొలకెత్తాయి. చక్రధర్ గారు మొలకలను చూపించి, "వృద్ధి!" అన్నారు. పాపినాయుడి బావమరిది గోనెసంచుల మిల్లు గురించి నిజంగానే అనుకున్నాడు. ఆ యంత్రాలు వచ్చాయి కూడా. అవి రాకముందే విడుదలైపోయాయి కనక, ఇప్పుడు వాటిని ఆపడానికి కొత్తగా కాగితాలు పుట్టించవలసి వచ్చింది.

అసిస్టెంట్ కమిషనర్ కూర్మారావుకు సొంత గది, కారు వచ్చాయి. శశిరేఖ కారులో పుట్టింటికి వెళ్లొచ్చింది. ఆయన కిటికీలోంచి నిండిన యార్డును చూసి, దేశాభివృద్ధి అంటే బహుశా ఇలాగే ఉంటుందేమో, దగ్గరగా చూడటం వల్ల తనకు తెలియడం లేదేమో అనుకునేవాడు.

అప్పుడు నరసమ్మ రెండో ఓడ వచ్చింది.

ఈసారి ఆవిడ ముందే కాగితాలు పంపింది. వచ్చి, బల్ల ముందు కూర్చోకుండా నిలబడింది. "నాయుడి మాట ఇన్నాను బావూ. ఆచారం తప్పీసి, సముద్రానికి ముందే సెప్పీనాను. సుంకం కట్టీనాను. సరుకు భద్రంగా ఒచ్చింది. ఇప్పుడైనా ఒచ్చినట్టేనా?"

పక్కనే ఉన్న ఇన్‌స్పెక్టరు చెవిలో చెప్పాడు. "సార్, ఓడ ఇంకా గట్టుకు తాడు కట్టలేదు, లెక్కకు చేరనట్టే; ఇప్పుడే ఇస్తే మైనస్ పడుతుంది. రేవు మొత్తానికి ఇదొక్కటే మైనస్. ఒక మూడు వారాలు ఉంచుదాం. మీ ప్రొబేషను..."

"కప్పు మీద చిల్లులున్నాయా పెట్టెకు?" అని నరసమ్మను అడిగాడు కూర్మారావు.

"నాకేటి తెలుసు బావూ. వానకైతే తడుస్తంది."

కూర్మారావు కంప్యూటరు తన వైపు తిప్పుకున్నాడు. విడుదల నొక్కాడు.

మూడో రోజున చక్రధర్ గారి దగ్గర నుంచి మెమో వచ్చింది. "ఏ విధమైన జాప్యమూ లేకుండా సరుకు విడుదల చేయుట ద్వారా జాతీయ వృద్ధికి భంగం కలిగించిన కారణంగా మీ ప్రొబేషనును ఏల రద్దు చేయరాదో ఇరవై నాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను."

శశిరేఖ మెమో చదివి, "పొరపాటున వేలు తగిలిందని రాసెయ్యండి. మళ్లీ జరగదని రాసెయ్యండి. ఏదో ఒకటి రాసెయ్యండి" అంది. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు మంచి సంజాయిషీ నమూనా ఒకటి పంపాడు. అందులో "పరిస్థితుల ప్రాబల్యము" అనే మాట మూడుసార్లు ఉంది.

కూర్మారావు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, తెల్ల కాగితం తీసుకుని, పైన తారీఖు వేశాడు. పరిస్థితుల ప్రాబల్యము గురించి రాయబోయి ఆగాడు. కిటికీ కింద యార్డులో ఎవరివో శనగల బస్తాలు పచ్చగా ఏపుగా పెరుగుతున్నాయి. కాసేపు అటు చూసి, కలం మళ్లీ కాగితం మీద పెట్టి, తన సర్వీసంతటిలోకీ పొట్టి సంజాయిషీ రాసి, సంతకం పెట్టి పంపించాడు.

"సరుకు వచ్చింది. ఇచ్చేశాను."